కార్వుస్ మర్చిపోయిన హద్దురాళ్లు

ఎనిమిదో ఏడు దగ్గరపడితే మా ఊళ్లో ఆడామగా అందరికీ ఒకటే జబ్బు. ఎవరి చేలో వాళ్లు నిలబడి పక్కవాడి చేనుకేసి చూస్తుంటారు. పంపకం వస్తోంది కదా మరి. ఏడేళ్లు ఎవరి చేను వాళ్లు దున్నుకుంటారు, ఎనిమిదో ఏట భూములన్నీ తిరిగి ఊరి చేతికొస్తాయి. ఒక్కో చేనుకీ ఒక్కో పుల్ల, పుల్ల మీద ఆ చేను గుర్తు చెక్కి ఉంటుంది. పుల్లలన్నీ తోలుసంచిలో వేసి కలుపుతారు. ఇంటికొకరు వచ్చి చెయ్యి పెట్టి తీసుకోవాలి. పాతచేనే చేతికొస్తే సంచిలో పడేసి మళ్లీ తియ్యాలి, ఎందుకంటే ఒకే చేను వరసగా రెండుసార్లు ఒకే ఇంట్లో ఉండకూడదని కట్టుబాటు.

తీరం మీద కాపురాలు పెట్టుకున్న గ్రీకులు ఈ కొండల్లో ఉన్నవాళ్లందర్నీ ఒకే గాటన కట్టి ఇల్లీరులంటారు గానీ, మేం దల్మాతులం. మా తాతల కాలం నుంచీ మాకింతే. ఉప్పు తెచ్చే గ్రీకు ఒకడు ఈ పంపకం సంగతి విని, "నీ చేను నీది కాదా? ఇదెక్కడి పిచ్చి తల్లీ!" అని పళ్లికిలించాడు. ఆ రోజు వాడి గాడిదకి కూడా నీళ్లివ్వనని భీష్మించుకుని కూచున్నాను. కాసేపటికి గాడిద మీద జాలేసి ఇచ్చాననుకోండి, వాడికి మాత్రం ఇవ్వలేదు. నా పేరు మదేనా, నా నోరూ నా కోపమూ ఇంతేనని ఊళ్లో చిన్నపిల్లనడిగినా చెబుతుంది, కాస్త దూరం జరిగి మరీ చెబుతుంది.

కానీ ఆ ఏడు నాకు పక్కవాడి చేను మీద ఆశ లేదు. నా గుండెల్లో ఉన్న బండ వేరు. మా ఆయన స్తెన్నాస్‌కి కళ్లు కనిపించవు.

మూడేళ్ల కింద మొదలైంది. ముందు ఎదుటి కొండ మీది గొర్రెలు కనిపించడం మానేశాయి. తర్వాత గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎవరో పోల్చుకోలేకపోయేవాడు. ఇప్పుడు వెలుతురూ నీడా తప్ప ఏమీ లేదు. ఆయన నాతో చెప్పలేదు, నేను అడగలేదు. గంజిగిన్నె ఎప్పుడూ ఒకే చోట పెట్టేదాన్ని, చెప్పుల జత గుమ్మానికి ఎడమపక్కనే సర్దేదాన్ని. బయటికెళ్తే ముందు నడుస్తూ "అబ్బ, ఇక్కడెవరో కట్టెలు పడేశారు, బుద్ధిలేని సన్నాసులు" అని ఎవర్నో తిడుతున్నట్టు తిట్టేదాన్ని. ఆయన కట్టెలు దాటుకునేవాడు. ఇద్దరం అలా నెట్టుకొచ్చాం.

చేలో మాత్రం ఏ బాధా లేదు. కిందటి పంపకంలో మాకొచ్చింది ఊళ్లోకెల్లా దిక్కుమాలిన చేను, అంతా రాళ్లే. ఆ రాళ్లన్నీ ఏరి గట్లు కట్టింది మేమిద్దరమే. పల్లంలోంచి బుట్టలతో మట్టి మోసి పోసింది మేమే. అందులో ప్రతి అంగుళమూ ఆయన అరికాలికి తెలుసు. కళ్లున్నప్పుడు ఎలా దున్నాడో పోయాకా అలాగే దున్నాడు. ఏడో ఏడు వస్తే ఇక పరాయివాడి పాలయ్యే చేనుకి ఎవడూ పెంట తోలడు, అది ఊరందరికీ అలవాటు. మా ఆయన మాత్రం ఇరవై బుట్టలు తోలాడు. "ఎవడబ్బ సొమ్మని తోలుతున్నావయ్యా!" అని అరిస్తే, "తినేది మనూరివాళ్లేగా" అన్నాడు. ఆ మనిషంతే.

ఇప్పుడు కొత్తచేను వస్తుంది. కొత్తచేలో తొలిసాలు ఎవరు పుల్ల తీశారో వాళ్లే వెయ్యాలి. ఈ చివరి హద్దురాయి నుంచి ఆ చివరి హద్దురాయి దాకా, ఎద్దుల ముందు ఎవరూ నడవకూడదు, పక్కన ఎవరూ పలకకూడదు. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంది. సాలు పడకపోతే ఆ ఇంటి పుల్ల నిప్పుల్లో వేసి ఆ ఇంటి పొయ్యి ఇంకో ఇంటి పొయ్యిలో కలిపేస్తారు. కడుపు మాడ్చరు, ఆ మాట నిజమే, తిండి పెడతారు. కానీ వేరేవాళ్ల పొయ్యి దగ్గర చివర్లో కూచుని తినాలి. స్తెన్నాస్ అలా కూచుంటే చూడగలనా? ఉన్న ఒక్క కూతురూ రెండు కొండలవతల కాపురం చేసుకుంటోంది, అది వచ్చి దున్నిపెట్టేదీ లేదు.

మంచు కరిగే రోజుల్లో ఒకపూట ఉన్ని చిక్కు తీస్తూ మెల్లగా కదిపాను.

"ఏమయ్యా, ఈసారి పుల్ల నేను తియ్యనా?"

"ఎందుకే? నాకేమైంది?"

"ఏమీ కాలేదు. నా చేతికి అదృష్టం ఎక్కువని."

"నీ చేతి అదృష్టం తెలీదేంటి? నువ్వు ఏరికోరి తెచ్చిన మేక నెల తిరక్కుండా చచ్చింది."

"దానికి జబ్బు చేసి చచ్చింది. నేనేమన్నా పీక పిసికానా?"

"నీ నోరు విని చచ్చిందేమో," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం అక్కడితో ఆ మాట వదిలేశాం.

మర్నాడు గొర్రెపాల జున్నుముద్ద ఒకటి గుడ్డలో కట్టుకుని వెర్జో పెద్దయ్య ఇంటికెళ్లాను. కట్టుబాట్లన్నీ ఆయన నాలుక చివర ఉంటాయి, సంచి ఆయన చేతిలోనే ఉంటుంది. పొగపెట్టిన జున్ను, రెండేళ్లది. చూడగానే ఆ ముసలాయన మీసాలు కదిలాయి.

"ఏంటమ్మాయ్, ఏదో పని మీదే వచ్చావే!"

"పెద్దయ్యా, ఈసారికి మా చేను మాకే ఉండనివ్వు. ఒక్క పంపకానికే."

"ఎందుకు?"

"ఆ మట్టంటే నాకిష్టం."

ఆయన జున్ను కోసి నోట్లో వేసుకున్నాడు. "ఇంకేదన్నా కారణం ఉంటే చెప్పు."

"అదే కారణం."

ఇంకో ముక్క కోశాడు. నావైపే చూస్తూ నమిలాడు. ఇంకోటి కోశాడు. నేను నోరు విప్పలేదు. సగం ముద్ద అయ్యేదాకా అలా కూచుని చివరికి, "ఇష్టమంటే అందరికీ ఇష్టమేనమ్మా, కుదరదు," అన్నాడు. మిగిలిన సగం తిరిగిస్తాడేమోనని చూశాను, అదీ లేదు. దారంతా ఆయన పళ్లూడాలని తిట్టుకుంటూ వచ్చాను.

పంపకం రోజు, కొండ మీద మా ఇళ్ల చుట్టూ కట్టుకున్న రాతికోట వాకిట్లో జనం కిటకిటలాడారు. పెద్ద పెద్ద బానల్లో బార్లీ కల్లు పెట్టారు, గొర్రెని కాల్చారు. ఒకరి తర్వాత ఒకరు పుల్లలు తీస్తున్నారు, మంచిదొచ్చినవాడు గంతులేస్తున్నాడు, చెడ్డదొచ్చినవాణ్ని మిగతావాళ్లు ఏడిపిస్తున్నారు. మా ఆయన వంతు వచ్చింది. నేను పక్కనే నడిచి, ఆ సంచి దగ్గర తోసుకుంటున్నవాళ్ల మీద కేకలేసి దారి చేశాను. ఆయన చెయ్యి పెట్టి పుల్ల తీసి, గుర్తు మీద బొటనవేలు ఒకసారి రాసి, "లోతట్టు చేను," అన్నాడు. ఎవరికీ అనుమానం రాలేదనే అనుకున్నాను.

లోతట్టు చేను మట్టి బంగారమే. కానీ దాని నడుమ మూడు మింగుడుగుంటలున్నాయి. చలికాలం మైదానమంతా నిలిచిన నీళ్లు వాటిల్లోంచే నేల కడుపులోకి దిగిపోతాయి. ఎద్దు కాలు అందులో పడితే విరిగిందే. కళ్లున్నవాడే గుండె చిక్కబట్టుకుని దున్నాలి. పైగా ఆ ఏడేళ్లూ ఆ చేను కార్వుస్ చేతిలో ఉంది.

కార్వుస్ నాకు వరసకి మరిది. సోమరిపోతు. వాడి నోటంట ఒక్క తిన్నని మాట రాదు. చావు దగ్గర కూడా వేళాకోళమే. పుల్ల పేరు వినగానే అక్కణ్నుంచే అరిచాడు.

"అన్నా, నా చేను కొట్టేశావా! వదినా, జాగ్రత్త. ఆ గుంటలో నువ్వు పడ్డావంటే నీ అరుపులకి పాతాళంలో ఉన్నవాళ్లు పైకి పారిపోయొస్తారు!"

అందరూ విరగబడి నవ్వారు. మా ఆయన కూడా. "నీ మొహం మండా!" అన్నాను. అంతకంటే మంచిమాట ఆ పూట నా నోటికి రాలేదు.

చేను చేతులు మారేటప్పుడు హద్దు నడక ఉంటుంది. వదిలేవాడు ముందు, పుచ్చుకునేవాడు వెనక, ఇద్దరూ ఒట్టికాళ్లతో చేనంతా ఒకసారి నడవాలి. ఇదిగో హద్దురాయి, ఇదిగో తడినేల, ఇదిగో గుంట అని వదిలేవాడు చూపించాలి. అదైపోయాక మళ్లీ వాడు ఆ చేలో కాలు పెట్టకూడదు. మా రాళ్లచేను వెర్జో కోడలికి వచ్చింది. మా ఆయన ఆ పిల్లని వెంటబెట్టుకుని తిప్పిన తీరు చూడాలి! ఏ మూల ఏ రాయి వణుకుతుందో కూడా చెప్పాడు. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింది. కానీ మర్నాడు పుచ్చుకునే వంతు మా ఆయనది. కార్వుస్ వెనక ఒక్కసారి నడిస్తే ఆయనకి ఏం గుర్తుంటుంది?

నడిచొచ్చాడు. మోకాళ్ల దాకా బురద. "ఎలా ఉందయ్యా?" అన్నాను. "బాగానే ఉంది," అన్నాడు. ఆ గొంతులో పస లేదు. కాళ్లు కడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది, ముక్కు చీదినట్టు నటించాను.

ఆ మర్నాడు పొద్దున్నే కార్వుస్ గుమ్మంలో తయారయ్యాడు.

"అన్నా, ఒక హద్దురాయి చూపించడం మర్చిపోయాను. వస్తావా?"

ఇద్దరూ వెళ్లారు. మధ్యాహ్నానికి గానీ రాలేదు. ఒక్క రాయికి అంతసేపా అనుకున్నాను. మూడోరోజు మళ్లీ వచ్చాడు. "అన్నా, తూర్పుమూల రాయి. దాని సంగతే మర్చిపోయాను." నాలుగోరోజు ఇంకేదో రాయి. అయిదోరోజుకి నాకు తిక్క రేగింది.

"ఏరా, ఏడేళ్లు దున్నినవాడివి, నీ చేలో రాళ్లెన్నో నీకే తెలీదా?"

"ఏం చెయ్యను వదినా, పాంతో వంట తిని తిని మతి పోయింది," అన్నాడు. పాంతో వాడి పెళ్లాం, బంగారంలాంటి మనిషి, ఆవిడ వంటకి వంకపెట్టేవాడి కళ్లు పోవాలి.

నా అనుమానం నాది. మా అమ్మ చెప్పేది, ఆవిడ రోజుల్లో సెస్తుస్ అని ఒకడు ఇలాగే హద్దు నడక ఇవాళా రేపూ అని సాగదీసి, విత్తులు చల్లే అదను దాటించేసి, పాతచేను ఇంకో ఏడాది వాడే తిన్నాడట. వీడూ అదే ఎత్తు వేస్తున్నాడని నాకు తోచింది. నడక మొదలైన పన్నెండోరోజే తొలిసాలు. "నువ్వెందుకు పోతావయ్యా వాడి వెంట? నడక అయిపోయింది, ఇక రానని చెప్పు," అని మా ఆయనతో పోట్లాడాను. "పోనీలేవే, మతిమరుపు మనిషి," అని ఊరుకున్నాడు. ఆ పోనీలే అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లయిన్నాటి నుంచీ వింటున్నాను.

పదకొండోరోజు ఇక ఉండబట్టలేక వాళ్ల వెనకే దిగాను. కోటగోడ కింద ఒక ముళ్లకంచె ఉంది, దాని చాటున నిలబడి చూశాను. లోతట్టు చేలో ముందు కార్వుస్, వెనక మా ఆయన. కార్వుస్ చేతులు రెండూ ముందుకి చాచి, తల పైకెత్తి, కాలుతో నేలని తడుముకుంటూ నడుస్తున్నాడు. సరిగ్గా చూశాను. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. గట్టిగా, చిన్నపిల్లలు దాగుడుమూతల్లో మూసుకున్నట్టు.

నాకు కళ్లముందు ఎర్రగా కమ్మింది. మా ఆయన సంగతి వీడికి తెలిసిపోయిందన్నమాట. తెలిసి, ఆయన ముందే ఆయన నడకని వెక్కిరిస్తున్నాడు! పాపం, ఆ మనిషికి ఆ సంగతి కూడా తెలీదు, వాడి వెనకే బుద్ధిగా నడుస్తున్నాడు. అప్పుడే దూకి వాడి జుట్టు పట్టుకునేదాన్నే. మా ఆయన వింటాడని ఆగాను. ఆగి ఏం లాభం? ఆ కోపం కడుపులో పెట్టుకుని కోట ఎక్కుతుంటే అడుగడుక్కీ పెరిగింది.

తొలిసాలు ముందురోజు కదా, ఊళ్లో సగంమంది కమ్మరి కొలిమి దగ్గరే ఉన్నారు, నాగళ్ల కర్రులు కాల్పించుకుంటూ. వెర్జో పెద్దయ్య ఎండలో కూచుని ఉన్నాడు. పాంతో కూడా ఉంది. కాసేపటికి కార్వుస్ ఈలపాట పాడుకుంటూ పైకొచ్చాడు. అంతే, నాకు ముందూ వెనకా కనిపించలేదు.

"ఒరేయ్ కార్వుస్! అడవితల్లి థానా చూస్తోందిరా నిన్ను! కళ్లులేని మనిషిని వెనకేసుకుని కళ్లు మూసుకుని కులుకుతావా? ఆయన నడక నీకు ఆటగా ఉందా? చూపు పోయినవాణ్ని వెక్కిరించే నీ నోట్లో పురుగులు పడ!"

కొలిమి దగ్గర సుత్తి ఆగింది. అప్పుడు తెలిసింది నేనేం మాటన్నానో. మూడేళ్లు గిన్నె కింద గిన్నె పెట్టి దాచుకున్న మాట, ఊరందరి ముందూ నా నోటితోనే పారబోశాను. తల తిప్పి చూద్దును కదా, కార్వుస్‌కి నాలుగడుగుల వెనక స్తెన్నాస్ నిలబడి ఉన్నాడు. ఆయన కర్రు కూడా అక్కడే ఉంది కదా, దానికోసమే వచ్చాడు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

కార్వుస్ మొహం కందగడ్డలా అయింది. జీవితంలో మొదటిసారి వాడికి వేళాకోళం దొరకలేదు. వంగి కాలికి చుట్టుకున్న ఉన్నిపట్టీ విప్పాడు. మోకాలి నుంచి మడమ దాకా నల్లగా కమిలిపోయి ఉంది.

"వెక్కిరింత కాదు వదినా," అన్నాడు. "హద్దు నడక ఒక్కసారి అంటే, చూసేవాడికి ఒక్కసారి. అన్నకి ఒక్కసారి సరిపోదు కదా. ఏ అడుగు దగ్గర ఏం చెప్పాలో నాకేం తెలుసు? ఏడేళ్లు కళ్లతోనే దున్నాను. అందుకని కళ్లు మూసుకుని నడిచి చూశాను. రెండోరోజే గుంటలో పడ్డాను. పడ్డాక తెలిసింది, గుంట రాబోయే ముందు నేల చల్లబడుతుందని. అది అన్నకి చెప్పాను. ఇంకో రోజు ఇంకోటి తెలిసింది."

వంగి వాడి కాలు పట్టుకుని చూశాను, ఒక్క తిట్టూ తిట్టలేదు. అది నమ్మడం మీకూ కష్టమే.

"ఒక్కసారి నడిచాక మళ్లీ కాలు పెట్టకూడదు కదా," అన్నాను చివరికి, పోయే పరువు ఎలాగూ పోయింది గనక.

వెర్జో పెద్దయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏదన్నా చూపించడం మర్చిపోతే మళ్లీ రావచ్చమ్మాయ్. ఎన్నిసార్లు మర్చిపోవచ్చో కట్టుబాటులో లేదు. నేనే చెప్పాను వాడికి."

"నీకూ తెలుసా పెద్దయ్యా?"

"తెలీకేం? ఆ రోజు నువ్వు జున్ను పట్టుకొచ్చావు. నీ నోటంట వస్తుందేమో, వస్తే ఏదో ఒకటి ఆలోచిద్దామని ఒక్కో ముక్కే తింటూ కూచున్నాను. నువ్వు చెప్పవూ, జున్ను అయిపోదూ. ఆ రాత్రంతా కడుపునొప్పితో చచ్చాను."

ఎవరో కిసుక్కుమన్నారు. పాంతో వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"పోయిన ఎండాకాలం నుంచీ అందరికీ తెలుసక్కా. బాటలో కాడి వదలొద్దనీ, కుండలు అడ్డం పెట్టొద్దనీ పిల్లలక్కూడా చెప్పుకున్నాం."

"మరి నాకొక్క మాట చెప్పకపోయారే!"

"నువ్వంత కష్టపడి దాస్తుంటే మేమెలా చెబుతాం? పాపం, ఎవరూ పడెయ్యని కట్టెల్ని కూడా తిడుతూ తిరిగేదానివి," అంది. అంటూ తనే కళ్లు తుడుచుకుంది.

అందరూ స్తెన్నాస్ వైపు చూశారు. నాకు చూసే ధైర్యం లేదు. ఆయన కొలిమి వేడిని బట్టి రెండడుగులు వేసి, చెయ్యి చాచి కమ్మరి దగ్గర కర్రు అందుకున్నాడు. అంచు మీద వేలు రాసి చూసుకున్నాడు.

"కార్వుస్, మూడోగుంటకి గట్టు నుంచి ఎన్ని అడుగులన్నావు? నలభై రెండా, నలభై నాలుగా?"

"నావైతే నలభై నాలుగు అన్నా. నీ కాళ్లు పొడుగు, నలభయ్యే వేసుకో."

"సరే. పదవే ఇంటికి, ఆకలేస్తోంది," అన్నాడు నాతో. అంతే.

ఇంట్లో గంజి కాస్తూ ఏడ్చాను. ఈసారి ముక్కు చీదినట్టు నటించలేదు. "తప్పయిపోయిందయ్యా, ఊరందరి ముందూ నీ పరువు తీశాను," అన్నాను. ఆయన గిన్నె పట్టుకుని చాలాసేపు ఊదుకున్నాడు.

"వాడు కళ్లు మూసుకున్నాడని నాకు రెండోరోజే తెలుసు," అన్నాడు. "గుంటలో పడ్డ చప్పుడు విన్నాను. పడి, అమ్మా అనకుండా నోరు నొక్కుకున్నాడు వెధవ. నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అది చెప్పాలంటే ముందు ఇంకోటి చెప్పాలి కదే," అన్నాడు. ఆ మాట నిజం. నేను ఇంకో గరిటె గంజి పోశాను.

తెల్లారింది. మబ్బు లేదు, గాలి లేదు. చుట్టూ చేలల్లో అందరి తొలిసాళ్లూ ఒకటొకటిగా పడుతున్నాయి. వెర్జో మా చేను దగ్గరికొచ్చేసరికి ఊరంతా గట్టెక్కి ఉంది. ఎద్దుల ముందు ఎవరూ లేరు. స్తెన్నాస్ చెప్పులు విడిచి, హద్దురాయికి మడమ ఆనించి, మేడి పట్టుకున్నాడు. నేను నా కొంగు నోట్లో కుక్కుకున్నాను, నా నోటి మీద నాకే నమ్మకం లేదు.

ఎద్దులు కదిలాయి. ఆయన పెదాలు కదులుతున్నాయి, అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు. మొదటిగుంట పక్కనుంచి జానెడు దూరంలో దాటిపోయాడు. నా పక్కన కార్వుస్ వేళ్లు వాడికే తెలీకుండా లెక్క కడుతున్నాయి. రెండోగుంట దగ్గర కుడిపక్క ఎద్దు దేన్ని చూసి బెదిరిందో, పక్కకి లాగింది. ఆయన ఆగాడు. అంతమందిలో ఒక్కరం కదల్లేదు. ఎడమకాలు ముందుకి జాపి నేలని తడిమాడు, వెనక్కి తీశాడు, ఇంకోచోట పెట్టాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. తర్వాత ములుకోలతో ఎద్దుని మెల్లగా తట్టి, కాడిని ఎడమకి తిప్పి, మళ్లీ కదిలాడు. మూడోగుంట దాటాడు. నాగలి వెళ్లి అవతలి హద్దురాయికి టంగుమని తగిలింది.

"సాలు పడింది!" అని వెర్జో అరిచాడు. ఆ ముసలి గొంతులో అంత బలం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. గట్టు మీద అందరూ ఒక్కసారిగా కేకలు వేశారు. కార్వుస్ చెప్పులు విప్పి గాల్లోకి విసిరాడు, ఒకటి గుంటలో పడి మాయమైంది, ఇప్పటిదాకా దొరకలేదు. నేను గట్టు దిగి పరిగెత్తాను. నా వయసులో పరిగెత్తి చాలా ఏళ్లయింది.

ఆయన మేడి మీద వాలి ఆయాసపడుతున్నాడు. మొహమంతా చెమట. "ఎలా వచ్చింది?" అన్నాడు.

"గీత గీసినట్టుంది బావా!" అంది పాంతో.

"దారం లాగినట్టుంది!" అన్నాడు కార్వుస్. వెనక నుంచి ఇంకా ఎవరెవరో అదే అన్నారు.

"నువ్వు చెప్పవే," అన్నాడు నాతో.

నేను వెనక్కి తిరిగి చూశాను. మూడేళ్లుగా ఆయన ఎప్పుడడిగినా గీత గీసినట్టుందనే చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"రెండోగుంట దాకా బాగుంది," అన్నాను. "అక్కణ్నుంచి కుడికి పోయింది. చివరికి వచ్చేసరికి పాము పాకినట్టుంది."

పాంతో నా జబ్బ గిల్లింది. స్తెన్నాస్ మాత్రం నిటారుగా నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"అమ్మయ్య," అన్నాడు. "మూడేళ్ల నుంచీ ప్రతి సాలూ తిన్నగా ఉందంటున్నావు. నాకెంత భయమేసేదో తెలుసా? ఏది నిజమో ఏది కాదో తెలీక."

ఆయన ఎద్దుల్ని తిప్పుతున్నాడు. తొలిసాలే ఒంటరిగా వెయ్యాలి, రెండోదానికి ఏ అడ్డూ లేదు.

"పక్కన నడువు," అన్నాడు. "ఎక్కడ వంకర పోతే అక్కడ కేకెయ్యి. మెల్లగా చెప్పకు, నీకు చేతకాదు."

నడిచాను. అరిచాను. ఎడమకయ్యా, ఇంకొంచెం, అటు కాదు, నీ బుర్ర ఎక్కడ పెట్టావు, ఆ, అలా పోనివ్వు. మైదానం అవతలి చేలల్లో దున్నేవాళ్లు కూడా ఆగి విన్నారట. పొద్దువాలేసరికి సగం చేను అయింది, నా గొంతు పూర్తిగా పోయింది.